ఎక్కు చోటు, దిగు చోటు

మా బస్సు మీద వచ్చిన మొట్టమొదటి ఫిర్యాదు ఏమిటంటే, అందులో జనం ఎక్కుతున్నారని.

నేను ఇరవై ఏళ్లకు పైగా కండక్టరుగా చేస్తున్నాను. నా పేరు తాతబ్బాయి. బస్సు వేళకి రాలేదన్నారు, చెయ్యెత్తితే ఆపలేదన్నారు, చిల్లర ఇవ్వలేదన్నారు, నా నోరు మంచిది కాదన్నారు. అన్నిటికీ సంజాయిషీ రాసిచ్చాను. నోటి సంగతి నిజమే కాబట్టి దానికి మాత్రం రాయలేదు. కానీ ‘సదరు బస్సులో ప్రయాణికులను ఎక్కించుకొనుచున్నట్లు మా దృష్టికి వచ్చినది’ అని మెమో రావడం నా సర్వీసులో అదే మొదలు. మా డ్రైవరు అబ్బులుకి చదివి వినిపిస్తే, వాడు స్టీరింగు మీద గడ్డం ఆనించాడు.

“మరి గేదెల్నెక్కించుకోమంటారేంట్రా?” అన్నాడు.

ఇది ఎక్కడ మొదలైందో చెబుతాను. మా టౌను గోగులవరం. దానికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో కాలవ గట్టు మీద ఈతలపాడు అనే ఊరుంది. ఏళ్ల తరబడి ఆ ఊరికి బస్సు లేదు. అందుకని జనం నడిచేవారు. సైకిలున్నవాడు తొక్కేవాడు, లేనివాడు ఉన్నవాడి వెనక ఎక్కేవాడు. ఇందులో వింతేమీ లేదు. వింతంతా గోగులవరంలో ఉన్న ప్రాంతీయ రవాణా ప్రణాళికా సంస్థలో ఉంది. మూడంతస్తుల అద్దాల మేడ అది. ముప్పై ఏళ్ల తర్వాత జనం ఎలా తిరగాలో ఇప్పుడే నిర్ణయించడం వాళ్ల పని. ఇప్పుడు ఎలా తిరుగుతున్నారన్నది వాళ్ల పరిధిలోకి రాదు.

ఆ సంస్థ ఒకసారి సర్వే చేయించింది. ఈ ప్రాంతంలో వందకి డెబ్బై మంది నడుస్తున్నారనో, సైకిలు తొక్కుతున్నారనో తేలింది. ముప్పై ఏళ్ల తర్వాత సాధించమని పైనుంచి ఇచ్చిన లక్ష్యం అరవై. అంటే ఏమీ చెయ్యకుండానే లక్ష్యం దాటేశారు. నిజానికి ఏమీ చెయ్యకపోవడం వల్లే దాటారు, కానీ నివేదికలో అలా రాయరు కదా. ‘దూరదృష్టితో కూడిన పాదచారి అనుకూల విధానం’ అని రాసుకున్నారు. రాజధానిలో సభ పెట్టి స్వర్ణపాదుక అనే అవార్డు ఇచ్చారు. బంగారు పూత పూసిన చెప్పుల జత. దాన్ని తేవడానికి సంస్థ సంచాలకులు చక్రధరప్రసాద్ గారు రెండు కార్లు వేసుకుని వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఒక కారులో ఆయన, రెండో కారులో చెప్పులు వచ్చాయి. నడిచేవాళ్లలో సగం మందికి మామూలు చెప్పులే లేవని ఎవరో అన్నారట గానీ, అది అజెండాలో లేదు.

సరిగ్గా ఆ నెలలోనే మా బస్సుల వాళ్లం ఈతలపాడుకి సర్వీసు వేశాం. ఎన్నికల్లో ఇచ్చిన మాట ఎమ్మెల్యే గారికి ఎలాగో గుర్తొచ్చింది. వచ్చి పచ్చజెండా ఊపి వెళ్లారు. వాళ్లదొక ఆఫీసు, మాదొక ఆఫీసు. ఒకళ్లు చేసేది ఇంకొకళ్లకి చెప్పుకోవడానికి ఇదేమన్నా పెళ్లిసంబంధమా?

బస్సు రాగానే జనం ఎక్కారు. ఎక్కరూ మరి. రోజూ పొద్దున్నే మొదట ఎక్కేది పేరంటాలు. అరవై దాటిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. మొగుడు నూకరాజు కొబ్బరి దింపులు తీసేవాడు. చెట్టు మీంచి పడి కాలు విరిగి, అది కాస్తా చీము పట్టి, గోగులవరం పెద్దాసుపత్రిలో నెలల తరబడి మంచం మీద ఉన్నాడు. పైగా సుగరు. పొద్దున సూదిమందు పడ్డాక మెతుకు లోపలికి పోకపోతే కళ్లు తేలేస్తాడు. ఆస్పత్రి అన్నం ఆయన గొంతు దిగదు. పేరంటాలు తెల్లారకుండా వండి, క్యారేజీ కట్టి, ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేది. బస్సు గతుకులో పడితే తన నడుం సంగతి చూసుకోదు, ముందు క్యారేజీ మూత తడుముకునేది. వేడన్నం వేళకి మొగుడి మంచం దగ్గరికి చేరాలి. ఆవిడకి ప్రపంచంలో కావలసింది అంతే.

ఏడాది తిరిగేసరికి మళ్లీ సర్వే చేశారు. నడక డెబ్బై నుంచి నలభై ఐదుకి పడిపోయింది. సంస్థలో సంతాపసభ వాతావరణం. స్వర్ణపాదుకని మూడేళ్ల పాటు నిలబెట్టుకోకపోతే వెనక్కి ఇచ్చెయ్యాలట. కారణం వెతికితే మా బస్సు దొరికింది, నేను మొదట చెప్పిన మెమో వచ్చింది. నన్నూ అబ్బుల్నీ పిలిపించి, ఏసీ గదిలో వెనక కుర్చీల్లో ముద్దాయిల్లా కూర్చోబెట్టారు.

చక్రధరప్రసాద్ గారు మంచి మర్యాదస్తుడు. అందరినీ ‘మిత్రులారా’ అనే పిలుస్తారు. మా బస్సు మీద ఆయనకి వ్యక్తిగతంగా ద్వేషం లేదట. ఎమ్మెల్యే గారు జెండా ఊపిన బస్సు కాబట్టి ఆపే ఉద్దేశం కూడా లేదట. బస్సు తిరగాలి, జనం నడవాలి. ఈ రెండూ ఒకేసారి జరగడమే సమగ్ర ప్రణాళిక అని సెలవిచ్చారు.

“మిత్రులారా, ప్రజారవాణా అనేది నడకకి పోటీ కాదు, ప్రేరణ,” అన్నారు. “బస్సు ఎక్కడానికి ముందు మనిషి నడుస్తాడు, దిగాక నడుస్తాడు. ఈ రెండు నడకలనూ దశలవారీగా సుసంపన్నం చేద్దాం.”

సుసంపన్నం చెయ్యడం అంటే ఏమిటో వారంలో తెలిసింది. దారిలో రెండు ఇనప బోర్డులు పాతారు. ఒకదాని మీద ‘ఎక్కు చోటు’, ఇంకోదాని మీద ‘దిగు చోటు’. వారానికోసారి ఎక్కు చోటు ఊరి నుంచి టౌను వైపు కిలోమీటరు జరుగుతుంది. దిగు చోటు టౌను నుంచి ఊరి వైపు కిలోమీటరు జరుగుతుంది. తిరుగు బస్సుకీ విడిగా రెండు బోర్డులు, వాటికీ అదే సూత్రం. ఎక్కు చోటు కాని చోట ఎక్కించినా, దిగు చోటు కాని చోట దింపినా నాకు జరిమానా. దీన్ని కనిపెట్టడానికి ‘నడక ప్రోత్సాహక దళం’ అని ఒకటి ఏర్పాటు చేసి, దానికి ఒక జీపు ఇచ్చారు.

సైకిళ్లని కూడా మరిచిపోలేదు. సంస్థ ముందు రోడ్డుకి ఒక పక్కన ఆకుపచ్చ రంగు వేసి సైకిల్ దారి అన్నారు. దాని మీద చెట్ల నీడ బాగా పడుతుంది, అందుకని సంస్థ కార్లు అక్కడ ఆపుకునేవారు.

మొదటివారం పేరంటాలు కిలోమీటరు నడిచొచ్చి ఎక్కింది, కిలోమీటరు ముందే దిగి ఆస్పత్రికి నడిచింది. రెండోవారం రెండు, రెండు. మూడోవారం ఆవిడ వేళకి అందలేక నాలుగు గంటలకే లేచి పొయ్యి వెలిగిస్తోందని ఎదురింటామె చెప్పింది. ఖాళీ బస్సు ఊళ్లో పాలకేంద్రం దగ్గర బయల్దేరి ఆవిడ పక్కనుంచే పోయేది. ఆవిడ చెయ్యెత్తేది కాదు. జీపు వెనకే వస్తోందని ఆవిడకీ తెలుసు. నేను మొహం అటు తిప్పుకునేవాణ్ణి, ఏం చెయ్యను, జీతం మీద బతికేవాణ్ణి.

నాలుగోవారం రెండు బోర్డులూ కాలవ లాకుల దగ్గర కలుసుకున్నాయి. ఎక్కు చోటు, దిగు చోటు ఒకే గుంజకి ఇటూ అటూ బిగించారు. నిబంధన ప్రకారం బస్సు ఆపాను. జనం ముందు తలుపులోంచి ఎక్కి, వెనక తలుపులోంచి దిగారు. కనీస చార్జీ టిక్కెట్టు కొట్టాను. ఆ రోజు చక్రధరప్రసాద్ గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ప్రయాణం, నడక రెండూ ఏకమైపోయిన ఈ దృశ్యం దేశంలో ఇంకెక్కడా లేదన్నారు. పేరంటాలు కూడా టిక్కెట్టు కొనుక్కుని ఎక్కింది. దిగకుండా ముందు సీట్లో కూర్చుండిపోయింది.

“కాసేపు కూకుంటాను బాబూ. కూకున్నందుకే ఇచ్చాననుకో డబ్బులు,” అంది.

అబ్బులు ఇంజను ఆపేసి, గేరు పట్టేసిందని దళం వాళ్లతో అబద్ధమాడాడు. అంతకంటే వాడి చేతిలో ఏమీ లేదు.

అక్కడితో ఆగుతుందని అందరం అనుకున్నాం. బోర్డులు కలిసిపోయాక ఇంకెక్కడికి జరుపుతారు? కానీ బోర్డులు జరిపే పని ఎనిమిది కిలోమీటర్లకి మంజూరైంది. నాలుగుతో ఆపితే మిగతా నాలుగుకీ ఆడిట్ వాళ్లకి సమాధానం చెప్పాలి. పని పూర్తి చెయ్యనందుకు కాంట్రాక్టరు మీద చర్య తీసుకోవాలి. కాంట్రాక్టరు ఎవరి బామ్మర్దో ఊళ్లో అందరికీ తెలుసు. కాబట్టి అయిదోవారం బోర్డులు ఒకదాన్నొకటి దాటిపోయాయి.

ఇక చూడండి మా అవస్థ. గోగులవరం వెళ్లే బస్సు ఎక్కు చోటు ఇప్పుడు గోగులవరం వైపుంది, దిగు చోటు ఈతలపాడు వైపుంది. జనాన్ని ముందున్న బోర్డు దగ్గర ఎక్కించుకుని, వెనకున్న బోర్డు దగ్గర దింపాలి. బస్సు వెనక్కి తిప్పుకుందామంటే, గోగులవరం సర్వీసు గోగులవరం వైపే మొహం పెట్టి ఉండాలని మా ఆఫీసు రూలు. అబ్బులు ఆ వారమంతా కాలవ గట్టు మీద రెండేసి కిలోమీటర్లు రివర్సులో నడిపాడు. వెనక తలుపు దగ్గర వేలాడుతూ ‘రైట్, రైట్’ అని నేను అరవడం, మా వెనకున్న జీపు కూడా అంతే పద్ధతిగా రివర్సులో పోవడం. గట్టు కింద నాట్లు వేసే ఆడవాళ్లు పని మానేసి నడుం మీద చేతులు పెట్టుకుని చూసేవారు. అబ్బులు మెడ పట్టేసి, ఇప్పటికీ ఎడమ వైపు పూర్తిగా తిరగదు.

ఆ బస్సులో ఎవరు ఎక్కుతారు చెప్పండి. టౌనుకి పోవలసినవాళ్లు టౌను దాకా నడిచేపోయేవారు. పేరంటాలు మోకాళ్లకి గుడ్డలు చుట్టుకుని నడిచేది. ఒకరోజు సూదిమందు పడ్డ చాలాసేపటికి చేరిందట. నూకరాజు అప్పటికే మగతలోకి పోతే, పక్క మంచం వాళ్లు నోట్లో పంచదార పోసి కూర్చోబెట్టారు. ఆ సంగతి ఆవిడే నాకు చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ సంస్థని, దాని అద్దాల్ని, చెప్పుల్ని కలిపి తిట్టాను. మా ఆవిడ నన్నే తిట్టానేమో అనుకుంది.

ఎనిమిదోవారంతో పని పూర్తయింది. గోగులవరం వెళ్లే బస్సు ఎక్కు చోటు వెళ్లి వెళ్లి గోగులవరంలో ఆస్పత్రి గేటు దగ్గర తేలింది. దిగు చోటు ఈతలపాడులో పాలకేంద్రం దగ్గర తేలింది. తిరుగు బస్సుకి ఇది తలకిందులు. ఈతలపాడు వెళ్లే బస్సుని ఈతలపాడులో ఎక్కి, ఆస్పత్రి గేటు దగ్గర దిగాలి. ఆ రోజు పొద్దున్న పాలకేంద్రం దగ్గర అబ్బులు బీడీ కాలుస్తూ బోర్డు వంక చాలాసేపు చూశాడు. తర్వాత బీడీ పారేసి, బస్సు నెత్తిన ఉన్న ‘గోగులవరం’ పేరు పీకి, ‘ఈతలపాడు’ తగిలించాడు.

“ఎక్కించరా జనాన్ని. పొద్దున్నే మనం ఈతలపాడెల్తన్నాం,” అన్నాడు.

నాకు అప్పుడు బోధపడింది. ఆ బస్సు పేరుకి ఈతలపాడుదే గానీ, ఎక్కేది ఇక్కడ, దిగేది ఆస్పత్రి దగ్గర. మాకు కావలసింది అదే కదా! పేరంటాల్ని రెక్క పట్టి ఎక్కించాను. నెత్తిన ఈతలపాడు అని రాసుకుని మా బస్సు ఝామ్మని గోగులవరం పోయింది. దారిలో కొత్తవాళ్లు కేకలేసి చెప్పేవారు, మీరు వచ్చిన ఊరికే పోతున్నారని. అబ్బులు దణ్ణం పెట్టి ముందుకి పోనిచ్చేవాడు. జీపు వాళ్లు ఆపి బోర్డులు చూశారు, పుస్తకం చూశారు, రూలంతా సరిగ్గా ఉంది. బస్సు మొహం గురించిన మా ఆఫీసు రూలు కూడా గోగులవరం సర్వీసుకే గానీ ఈతలపాడు సర్వీసుకి లేదు. వాళ్ల మొహాలు చూడాలి. ఆ తర్వాత రెండు నెలలు పేరంటాలు పొగలు కక్కే అన్నం పట్టుకెళ్లింది. ఊరు ఊరంతా హాయిగా బస్సెక్కింది. తలతిక్క పని పూర్తిగా చేస్తే ఒక్కోసారి దానంతటదే సరైపోతుందని నాకు అప్పుడే తెలిసింది.

కానీ లెక్క అనేది ఒకటుంటుంది. సంస్థలో కూర్చుని లెక్క వేశారు. గోగులవరం బస్సు ఎక్కు చోటు గోగులవరంలోనే ఉంది. అంటే ఈతలపాడు మనిషి ఆ బస్సు ఎక్కాలంటే ఎనిమిది కిలోమీటర్లూ నడిచొచ్చి ఉండాలి. జనం రోజూ గోగులవరంలో కనిపిస్తున్నారు. కాబట్టి అందరూ నడిచే వస్తున్నారు. నడక వాటా నూటికి నూరు. చక్రధరప్రసాద్ గారి కళ్లు చెమర్చాయని చూసినవాళ్లు చెప్పారు. మళ్లీ సభ పెట్టారు, మళ్లీ మమ్మల్ని పిలిచారు. ఈసారి ముందు వరసలో కూర్చోబెట్టి జీడిపప్పు పెట్టారు.

జీడిపప్పు నోట్లో ఉండగానే చెప్పారు, నూటికి నూరు మంది నడుస్తున్న దారిలో బస్సు ఎవరి కోసమని. ఎమ్మెల్యే గారు కూడా ఒప్పుకున్నారట. ప్రజలు తమ బస్సుని దాటి ఎదిగిపోయారని ప్రకటన కూడా ఇచ్చారట. సర్వీసు ఒకటో తారీఖు నుంచి రద్దు.

నేను లేచి నిలబడ్డాను. నా నోటి సంగతి ముందే చెప్పాను కదా. జనం మా బస్సులోనే వస్తున్నారండి, రోజూ నేనే టిక్కెట్లు కొడుతున్నానండి అన్నాను. చక్రధరప్రసాద్ గారు నా వంక జాలిగా చూశారు.

“మిత్రమా, మీరు టిక్కెట్లు కొట్టింది ఈతలపాడు వెళ్లే బస్సులో,” అన్నారు. “ఈతలపాడు వెళ్లే బస్సు ఎక్కినవారు ఈతలపాడే వెళతారు. ఇందులో అభిప్రాయభేదానికి తావు లేదు.”

అందరూ చప్పట్లు కొట్టారు. మొహమాటానికి అబ్బులు కూడా కొట్టాడు, తర్వాత బయటికొచ్చి రెండు చేతులూ లాగుకి తుడుచుకున్నాడు.

బస్సుకి ఆకుపచ్చ రంగు వేసి, చక్రాలు ఊడదీసి, సంస్థ ఆవరణలో ‘నడక చైతన్య కేంద్రం’ అని నిలబెట్టారు. బడిపిల్లల్ని తీసుకొచ్చి చూపిస్తారు, వ్యానుల్లో. అబ్బులు దానికి కాపలా. నన్ను లాకుల దగ్గర గొడుగు కింద కూర్చోబెట్టి, చేతిలో నొక్కితే అంకె మారే చిన్న యంత్రం పెట్టారు. నడిచే మనిషి కనబడగానే నొక్కాలి. పేరంటాలు పొద్దున్న వెళ్లేటప్పుడొకసారి, తిరిగొచ్చేటప్పుడొకసారి నా ముందు నుంచే పోయేది. ఆవిడకి నేను నొక్కేవాణ్ణి కాదు. అదొక్కటే నేను చేసిన తిరుగుబాటు.

ఒకరోజు ఆవిడ నా పక్కన రాతి మీద కూలబడి, క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

“మా ఆయనకి బస్సు తీసేసినట్టు తెలీదు బాబూ. బస్సులోనే వత్తన్నానని చెప్పాను. నడిచొత్తన్నానంటే కూడు ముట్టడు. నీ మోకాళ్లు తినమంటావేంటే అంటాడు. మీరెప్పుడన్నా కనబడితే అనకండేం.”

అననని చెప్పాను. ఆ మర్నాడే కెమెరాల వాళ్లు వచ్చారు. స్వర్ణపాదుక ఇచ్చినవాళ్లకి చూపించడానికి మంచి పాదచారి ఒకరు కావాలట. పేరంటాలు క్యారేజీతో వస్తూ కనిపించింది. ముఖంలో జీవకళ ఉందన్నారు. వెనక కాలవ బాగా పడలేదని మళ్లీ నడిపించారు, కాకి అడ్డొచ్చిందని ఇంకోసారి నడిపించారు, నవ్వమన్నారు. ఆవిడ క్యారేజీ చెయ్యి మార్చుకుని, అన్నం చల్లారిపోద్ది బాబూ ఎల్లనివ్వండి, అంది. అది చాలా సహజంగా వచ్చిందని మెచ్చుకున్నారు. రెండు వారాల్లో టౌనంతా ఆవిడ నిలువెత్తు బొమ్మలు వెలిశాయి. ‘నేను నడుస్తాను. మరి మీరు?’ అని కింద అక్షరాలు. బొమ్మలో మోకాళ్ల గుడ్డలు కనపడకుండా చెరిపేశారు.

ఆ తర్వాత కొద్దిరోజులకి పేరంటాలు లాకుల దాకా వచ్చి ఇంక లేవలేకపోయింది. మోకాళ్లు కుండల్లా వాచాయి. ఎండెక్కుతోంది. క్యారేజీ వంకే చూస్తోంది. నేను యంత్రం గొడుగు కింద పడేసి, ఆవిణ్ణి లాకుల కాపలావాడి పెళ్లానికి అప్పగించి, వాడి సైకిలు అడిగి పుచ్చుకుని తొక్కాను. ఈ వయసులో అలా తొక్కడం నాకే ఆశ్చర్యం. సంస్థ ముందు ఆకుపచ్చ దారిలో కార్లున్నాయి, చుట్టూ తిరిగి పోయాను.

సూదిమందు అప్పుడే పడిందట. నూకరాజు తలగడకి ఆనుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. నన్ను చూసి, మా ముసిల్దేదండీ అన్నాడు. ఊళ్లో చుట్టాలొచ్చారట, క్యారేజీ నాకిచ్చి పంపింది అన్నాను. గిన్నెలు విప్పి ముందు పెట్టాను. ఆయన ముద్ద కలపకుండా నన్ను చెయ్యి పట్టి కిటికీ వైపు తిప్పాడు. ఎదురుగా గేటు పక్కన పేరంటాలు నిలువెత్తు బొమ్మ ఉంది, చేతిలో క్యారేజీతో. వార్డులో నర్సమ్మలందరికీ చూపించేశానన్నాడు. చదువుకోని మనిషి, కింద ఏం రాశారో తెలియదు.

“మా ఆడదేనండి. బాగా తీశారు,” అన్నాడు. కాసేపు చూసి మళ్లీ అన్నాడు, “ఒకటే అర్థం కాలేదు కండట్రు గారూ. మీ బస్సుంది కదా. నడుత్తున్నట్టు తీశారేంటండీ?”

నాకు ఎన్నడూ తడుముకోని నోరు తడుముకుంది.

“ఫొటో కోసమండి,” అన్నాను.

“ముసిల్దానికి సోకెక్కువండి,” అని నవ్వుకుని, చల్లారిన అన్నంలో పులుసు పోసుకుని కలుపుకున్నాడు.